పాత ఆటోపైలట్‌కి జీపీఎస్ స్టీరింగ్ ఎలా పెట్టుకోవాలి

అమెరికాలో చెరోకీయో, సెస్నాయో, ఏదో ఒక పాత చిన్న విమానం కొనుక్కున్న మనవాళ్లు నాకు ఫోన్ చేస్తే, కుశల ప్రశ్నలయ్యాక అడిగేది ఒకటే. "ప్యానెల్‌లో మంచి జీపీఎస్ నావిగేటర్ ఉంది. దారంతా మెజెంటా గీతలా కనిపిస్తూనే ఉంది. మలుపు రాగానే ఆటోపైలట్ మాత్రం తిన్నగా పోతుంది. ఏం చేయాలి?"

చేయాల్సింది జీపీఎస్ఎస్, అంటే జీపీఎస్ రోల్ స్టీరింగ్ పెట్టుకోవడం, జీపీఎస్ చెప్పినట్టు ఆటోపైలట్ రెక్కలు వంచి తిరిగేలా చేయడం. ప్రతి ఒక్కరికీ ఫోన్‌లో గంటసేపు చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. మాది ముగ్గురం కలిసి కొనుక్కున్న 1970ల నాటి పైపర్ చెరోకీ. అందులో పైపర్ ఆటోకంట్రోల్ అనే పాత ఆటోపైలట్ ఉంది, రేడియోల వరుసలో గార్మిన్ జీఎన్ఎస్ 430డబ్ల్యూ అనే జీపీఎస్ నావిగేటర్ ఉంది. రెండు శనివారాల పని అనుకుని మొదలుపెట్టాం, ఏడు వారాలు పట్టింది. ఆ ఆలస్యంలో ఎక్కువ భాగం మా తప్పులవల్లే. అవి మీకు రాకూడదనే ఈ వివరమంతా.

ముందు కొంచెం అర్థం చేసుకోండి

పాత ఆటోపైలట్ నావ్ మోడ్‌లో (దారిని పట్టుకుని పోయే మోడ్) ముఖ్యంగా చూసేది నీడిల్‌ని, అంటే దారి ఎటు ఉందో చూపే ముల్లుని. నీడిల్ ఎడమకి పోతే ఎడమకి, కుడికి పోతే కుడికి తిప్పుతుంది. తర్వాతి మలుపు ఎక్కడుందో, పక్కగాలి ఎంతుందో దానికి తెలియదు. జీపీఎస్ నావిగేటర్‌కి అవన్నీ తెలుసు. ఈ క్షణంలో రెక్క ఎటువైపు ఎన్ని డిగ్రీలు వంచాలో అదే లెక్కగట్టి, ఎరింక్ 429 అనే డిజిటల్ లైన్ మీద 121 నంబరు లేబుల్‌తో పంపుతూ ఉంటుంది.

ఆ భాష పాత ఆటోపైలట్‌కి రాదు. నీడిల్ కాక దానికి అర్థమయ్యేది హెడింగ్ బగ్ ఒక్కటే, అంటే డీజీ (దిక్కు చూపే జైరో గేజీ) మీద వెళ్లాల్సిన దిక్కుకి మనం తిప్పి పెట్టే గుర్తు. అందుకని మధ్యలో ఒక కన్వర్టర్ పెడతాం. నావిగేటర్ "కుడికి 12 డిగ్రీలు వంచు" అంటే, బగ్‌ని ఎవరో కుడికి తిప్పినప్పుడు వచ్చే సిగ్నల్‌నే కన్వర్టర్ తయారుచేసి ఆటోపైలట్‌కి అందిస్తుంది. ఆటోపైలట్ తను హెడింగ్ మోడ్‌లో, అంటే బగ్ చూపిన దిక్కుకి పోయే మోడ్‌లో, ఉన్నాననే అనుకుంటుంది. అక్షరాభ్యాసంలో పిల్లాడి చెయ్యి పట్టుకుని దిద్దించినట్టు, బగ్ నాబ్ మీద కనపడని చెయ్యి ఒకటి ఉందనుకోండి. ఈ పనిలో జరిగే తప్పుల్లో సగం ఆ చెయ్యి సంగతి మరిచిపోవడం వల్ల జరిగేవే.

మీకిది నిజంగా కావాలా?

డబ్బు పెట్టే ముందు మీ ఆటోపైలట్ ఏదో చూసుకోండి. ఎస్‌టెక్ 55ఎక్స్ అయితే జీపీఎస్ఎస్ లోపలే ఉంది. నావ్ బటన్ రెండుసార్లు నొక్కితే ఆ మోడ్‌లోకి వెళ్తుంది. వెళ్లకపోతే నావిగేటర్ నుంచి రావాల్సిన రెండు వైర్లు ఎవరూ కలపలేదేమో చూడండి. గార్మిన్ జీఎఫ్‌సీ 500 లాంటి కొత్తవాటికి ఈ తంటా అక్కర్లేదు. రెక్కలు సమంగా ఉంచడం తప్ప హెడింగ్ మోడ్ లేని ఆటోపైలట్ అయితే ఈ పద్ధతి పనిచేయదు, ఎందుకంటే ఆ చెయ్యి తిప్పడానికి నాబే లేదు. మిగిలిన పాత ఎస్‌టెక్, సెంచరీ, కేఏపీ 140 లాంటివాటికి మాత్రం ఇది బాగా కుదిరే మార్పు.

నావిగేటర్ సంగతి కూడా చూడాలి. పాత జీఎన్ఎస్ 430 మామూలు దారి వరకు రోల్ స్టీరింగ్ ఇస్తుంది. హోల్డింగ్ ప్యాటర్న్ (ఒకచోటే చుట్లు తిరుగుతూ వేచి ఉండటం), ప్రొసీజర్ టర్న్ (దిగే దారిలోకి వెనక్కి తిరిగి రావడం) కూడా గీసినట్టు తిప్పాలంటే చివర డబ్ల్యూ ఉన్న వాస్ (జీపీఎస్‌ని మరింత కచ్చితం చేసే వ్యవస్థ) మోడలో, జీటీఎన్ లాంటి తర్వాతి తరం పెట్టెయో కావాలి. చేత్తో పట్టుకునే జీపీఎస్‌లు, ట్యాబ్లెట్‌లోని యాప్‌లు సర్టిఫైడ్ (ఫ్యాక్టరీలో తయారై ప్రభుత్వ ఆమోదం పొందిన) విమానంలో ఈ పనికి లెక్కలోకి రావు.

ఎవరు చేయొచ్చు?

ఇక్కడ చాలామంది తొందరపడతారు. సర్టిఫైడ్ విమానంలో ఇది పైలట్ సొంతంగా చేసుకునే పని కాదు. అమెరికా నిబంధనల్లో యజమాని చేసుకోగల చిన్న పనుల జాబితా ఒకటుంది. ప్యానెల్ ట్రేలలోంచి జారించి తీసే రేడియోల్ని తీసి పెట్టుకోవచ్చని అందులో ఉన్నా, ఆటోపైలట్ వ్యవస్థల్ని మాత్రం పేరుపెట్టి మినహాయించారు. ఏ అండ్ పీ లైసెన్సున్న విమాన మెకానిక్ స్వయంగా చూస్తుంటే మీరు చేతులు పెట్టొచ్చు. సంతకం ఆయనది. పరికరానికి మీ విమానం మోడల్‌ని కలుపుకున్న ఎస్‌టీసీ (మార్పుకి ప్రభుత్వం ఇచ్చే ఆమోదపత్రం) ఉండాలి, పెద్ద మార్పుల్ని నమోదు చేసే 337 ఫారం నింపాలి, దానికి ఐఏ (తనిఖీ అధికారం) ఉన్న మెకానిక్ ఆమోదం కావాలి. మీ సొంతంగా కట్టుకున్న ఎక్స్‌పెరిమెంటల్ విమానమైతే చాలా వెసులుబాటు ఉంటుంది. కింద చెప్పే పరీక్షలు మాత్రం దానికీ అంతే ముఖ్యం.

ఇండియాలో వీటీ రిజిస్ట్రేషన్ విమానమైతే డీజీసీఏ ఆమోదం ఉన్న సంస్థ ద్వారానే చేయించాలి. అమెరికా కాగితం చూపిస్తే సరిపోతుందనుకోకండి.

కావలసినవి

- రోల్ స్టీరింగ్ అవుట్‌పుట్ ఉన్న ప్యానెల్ జీపీఎస్
- హెడింగ్ మోడ్ సరిగ్గా పనిచేసే ఆటోపైలట్ ("సరిగ్గా" అన్నమాట రెండుసార్లు చదవండి)
- మీ ఆటోపైలట్‌కి సరిపోయే కన్వర్టర్, లేదా ఆ పని లోపలే చేసే ఎలక్ట్రానిక్ హెచ్ఎస్ఐ (దిక్కునీ దారి నీడిల్‌నీ ఒకేచోట చూపే గేజీ)
- నావిగేటర్, ఆటోపైలట్, డీజీ, కన్వర్టర్ నాలుగింటి ఇన్‌స్టలేషన్ మాన్యువల్స్
- విమానాలకు వాడే టెఫ్జెల్ వైరు, మెలితిప్పిన షీల్డెడ్ జత వైరు
- హై డెన్సిటీ పిన్నులకు సరిపోయే క్రింపింగ్ టూల్, పిన్ను బయటికి తీసే టూల్
- మల్టీమీటర్, 3/32 అంగుళాల అలెన్ కీ (430ని ట్రే నుంచి విప్పడానికి)
- సర్క్యూట్ బ్రేకర్, హెడింగ్–జీపీఎస్ఎస్ మార్చే స్విచ్ (కొన్ని కన్వర్టర్లలో స్విచ్ వాటి ముందుభాగంలోనే ఉంటుంది)
- టెస్ట్ ఫ్లైట్‌లో పక్కన కూర్చుని బయటికి చూసే ఇంకో పైలట్

కారు షాపులో దొరికే ప్లాస్టిక్ తొడుగు వైరు వాడొద్దు. అది కాలితే వచ్చే పొగ చిన్న క్యాబిన్‌లో భరించలేం.

1. ముందు హెడింగ్ మోడ్‌ని పరీక్షించండి

ఇది చేయకుండా పెట్టె ఆర్డర్ చేయొద్దు. గాలి నెమ్మదిగా ఉన్న ఉదయం పూట ఎగరండి. బగ్‌ని 10 డిగ్రీలు, తర్వాత 30, తర్వాత 90, రెండు వైపులా తిప్పి చూడండి. విమానం సాఫీగా వంగి, బగ్ దగ్గరికొచ్చి, ఒకటి రెండు డిగ్రీల్లో ఆగాలి. ఎడమ మలుపుకి, కుడి మలుపుకి పట్టిన సమయం రాసుకోండి. రెండూ దాదాపు ఒకేలా ఉండాలి.

మా చెరోకీ బగ్ కంటే 4 డిగ్రీలు ఎడమకి నిలబడేది. "జీపీఎస్ఎస్ వస్తే అదే సర్దుకుంటుందిలే" అని నేనే అన్నాను. సర్దుకోలేదు. పెట్టె పెట్టాక విమానం గీత మీద కాకుండా గీత పక్కనే, సమాంతరంగా, బుద్ధిగా పోయింది. చివరికి చూస్తే అయిలెరాన్లని (రెక్కల మీద కదిలే పలకలు) తిప్పే సర్వో మోటారుకి ఉండే బ్రైడల్ కేబుల్ వదులైంది, రోల్ సెంటరింగ్ (ఆటోపైలట్ రెక్కలు సమం అనుకునే చోటు) కూడా తప్పింది. ఆ రెండూ ముందే సరిచేయించుకుని ఉంటే మూడు వారాలు మిగిలేవి.

విమానం పాములా అటూ ఇటూ ఊగుతుంటే సర్వో కేబుల్ బిగువు, అయిలెరాన్ కేబుళ్లలో రాపిడి, జైరో బేరింగులు చూపించండి. కొత్త చెయ్యి పెట్టినంత మాత్రాన పాత రోగం పోదు.

2. ఏ పద్ధతో నిర్ణయించుకోండి

ఒకటి, విడి కన్వర్టర్. ఉన్న డీజీ, ఉన్న ఆటోపైలట్ అలాగే ఉంచి మధ్యలో ఒక పెట్టె. తక్కువ ఖర్చుతో అయ్యేది ఇదే. మేం చేసింది కూడా ఇదే.

రెండు, గార్మిన్ జీ5నో, జీఐ 275నో, ఆస్పెన్ డిస్‌ప్లేనో పెట్టించుకుని, దానిలోని జీపీఎస్ఎస్ వాడుకోవడం. జీ5 అయితే ఆటోపైలట్‌తో మాట్లాడటానికి జీఏడీ 29బీ అనే అడాప్టర్ కావాలి. ఖర్చు ఎక్కువే. కానీ గాలి పంపుతో నడిచే మీ వాక్యూమ్ డీజీ ఎలాగూ చివరి దశలో ఉంటే అటు పోవడమే తెలివైన పని. పాత డీజీని బాగుచేయించి, దానికో కన్వర్టర్ కొని, రెండేళ్ల తర్వాత రెండూ పీకేసినవాళ్లు నాకు తెలుసు.

మూడు, ఆటోపైలట్‌నే మార్చేయడం. అది వేరే కథ, వేరే బడ్జెట్.

ఇక్కడొక హెచ్చరిక. కొత్త డిస్‌ప్లే వస్తోంది కదా అని పాత గేజీలు పీకేయకండి. సెంచరీ 2, 3 లాంటివి రెక్క ఎంత వంగిందో ప్యానెల్‌లోని ఆటిట్యూడ్ జైరో నుంచే తెలుసుకుంటాయి. ఎస్‌టెక్ 30 లాంటివి టర్న్ కోఆర్డినేటర్ (ఎంత వేగంగా తిరుగుతున్నామో చూపే గేజీ) మీద ఆధారపడతాయి. అది తీసేస్తే ఆటోపైలట్ గుడ్డిదవుతుంది. జీ5 ఆ జైరో స్థానాన్ని భర్తీ చేయలేదు. జీఐ 275 కొన్ని ఆటోపైలట్లకు చేయగలదు. మీ మోడల్ దాని ఆమోదిత జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి.

ఇంకోటి, సిగ్నల్ రకం. ఎస్‌టెక్‌లో హెడింగ్ సిగ్నల్ డీసీ. సెంచరీ కుటుంబంలో చాలావాటికి ఏసీ. మా ఆటోకంట్రోల్ కూడా సెంచరీ కుటుంబానిదే. డీసీ కోసం తయారైన కన్వర్టర్‌ని ఏసీ ఆటోపైలట్‌కి తగిలిస్తే పనిచేయకపోవడం ఒక్కటే కాదు, ఏదో ఒకటి కాలిపోవచ్చు. ఆర్డర్ చేసేటప్పుడు ఆటోపైలట్ మోడల్‌తో పాటు డీజీ పార్ట్ నంబర్ కూడా ఇవ్వండి.

3. కాగితం మీద గీయండి

నాలుగు మాన్యువల్స్ ముందేసుకుని, ఏ పిన్ను నుంచి ఏ పిన్నుకి వైరు వెళ్తుందో మీ చేత్తో గీయండి. పిన్ నంబర్లు ఎవరో చెప్పారని, పాత వీడియోలో చూశామని వాడొద్దు. ఒకే పేరున్న ఆటోపైలట్‌లోనూ సంవత్సరాన్ని బట్టి కనెక్టర్ మారుతుంది. గీసిన బొమ్మని మెకానిక్‌కి చూపించి ఒప్పించుకోండి. తర్వాత అది లాగ్‌బుక్‌తో పాటు ఉండాలి. పదేళ్ల తర్వాత ఎవరికో అది దేవుడిచ్చిన వరంలా అనిపిస్తుంది.

4. విప్పకముందు ఫోటోలు తీయండి

మాస్టర్ స్విచ్ ఆఫ్ చేసి, బ్యాటరీ విప్పేముందు ఒక పని చేయండి. ఎంటర్ బటన్ నొక్కి పట్టుకుని 430ని ఆన్ చేస్తే కాన్ఫిగరేషన్ పేజీలు వస్తాయి. జీటీఎన్ అయితే హోమ్ బటన్, జీ5 అయితే నాబ్ నొక్కి పట్టాలి. ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫోటో తీయండి, ఏమీ మార్చకండి. తర్వాత ఏదైనా తేడా వస్తే పాత స్థితికి తిరిగి రావడానికి మీకున్న ఆధారం ఆ ఫోటోలే.

5. ఎరింక్ జత వైర్లు

నావిగేటర్ ఎరింక్ 429 అవుట్‌పుట్‌లో రెండు వైర్లు, ఏ, బీ. ఏని ఏకి, బీని బీకి కలపాలి. తారుమారైతే ఏదీ కాలదు, కానీ డేటా రాదు. ఒక షాపువాళ్లు మాకు సరిగ్గా ఇదే చేశారు. "కన్వర్టర్ పాడైంది, తిప్పి పంపండి" అని చెప్పారు కూడా. తిప్పి పంపేలోపు మా ముగ్గురిలో ఒకరు మీటర్ పెట్టి ఒక చివరి నుంచి ఇంకో చివరికి చూస్తే ఏ వెళ్లి బీలో కూర్చుంది. రెండు పిన్నులు మార్చాం, పావుగంటలో అయిపోయింది.

కాబట్టి కనెక్టర్ మూసేముందు, పవర్ లేకుండా, మీటర్‌తో రెండు చివర్లూ చూడండి. ఏకి బీకి మధ్య షార్ట్ లేదని, ఏదీ షీల్డ్‌ని తాకడం లేదని కూడా చూడండి. పవర్ ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో ఈ లైన్ మీద డేటా ఉందో లేదో కనిపెట్టలేరు. వోల్టేజీ క్షణంలో ఎన్నోసార్లు అటూ ఇటూ మారుతుంటుంది. అది చూడాలంటే ఆసిల్లోస్కోప్ కావాలి.

ఆ అవుట్‌పుట్‌కి ఇప్పటికే ఇంకేదైనా పరికరం కలిపి ఉంటే దాన్ని పీకక్కర్లేదు. ఒక ట్రాన్స్‌మిటర్ 20 రిసీవర్ల దాకా మోయగలదు. షీల్డ్‌ని ఏ చివర గ్రౌండ్ చేయాలో మాన్యువల్ చెప్పినట్టే చేయండి.

6. హెడింగ్ వైరుని మధ్యలో తెంపడం

అసలు ఆపరేషన్ ఇదే. డీజీ నుంచి ఆటోపైలట్‌కి వెళ్లే హెడింగ్ సిగ్నల్‌ని మధ్యలో ఆపి కన్వర్టర్ గుండా పంపుతాం. హెడింగ్ మోడ్‌లో కన్వర్టర్ ఆ సిగ్నల్‌ని ముట్టుకోకుండా దాటిస్తుంది. జీపీఎస్ఎస్ మోడ్‌లో డీజీని పక్కన పెట్టి తన సిగ్నల్ పంపుతుంది.

కన్వర్టర్‌కి కరెంటు పోతే హెడింగ్ సిగ్నల్ దానంతటదే నేరుగా వెళ్లేలా ఉందా? కొనేముందే అడగండి. వైరింగ్ అయ్యాక బ్రేకర్ లాగి, హెడింగ్ మోడ్ అలాగే పనిచేస్తోందో లేదో చూడండి. పనిచేయకపోతే ముందుకెళ్లొద్దు.

వీలైతే పాత హార్నెస్‌ని (వైర్ల కట్టని) కోయకుండా, రెండు చివరలా కనెక్టర్లున్న అడాప్టర్ హార్నెస్ తయారుచేసుకోండి. రేపు ఏదైనా సమస్య వస్తే అది పీకేసి పాత కనెక్టర్ తగిలించి ఎగరొచ్చు. కాస్త ఎక్కువ పనే, కానీ విలువైన పని.

7. స్విచ్ ఎక్కడ పెట్టాలి

కళ్ల ముందు, చేతికందేచోట. ఏ మోడ్‌లో ఉన్నామో చూపించే లైటు తప్పనిసరి. కో-పైలట్ మోకాలి దగ్గర ఖాళీ ఉంది కదా అని అక్కడ పెట్టించుకున్నవాళ్లు ఉన్నారు. ఎండలో ఆ లైటు కనిపించదు.

8. కాన్ఫిగరేషన్

నావిగేటర్‌ని మళ్లీ కాన్ఫిగరేషన్ మోడ్‌లో తెరిచి, ఎరింక్ అవుట్‌పుట్ ఫార్మాట్‌నీ వేగాన్నీ కన్వర్టర్ మాన్యువల్‌లో ఉన్నట్టు పెట్టండి. లో స్పీడ్ అంటే సెకనుకి 12.5 కిలోబిట్లు, హై స్పీడ్ అంటే 100. రెండు వైపులా ఒకటే ఉండాలి. ఆ అవుట్‌పుట్‌నే వింటున్న ఇంకో డిస్‌ప్లే ఉంటే జాగ్రత్త. దీనికోసం వేగం మారిస్తే అది మూగబోతుంది.

గెయిన్ (కమాండ్‌కి ఎంత గట్టిగా స్పందించాలో) సర్దుబాటు ఉంటే ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే వదిలేయండి. గాలిలో చూశాకే మార్చాలి.

9. నేల మీద పరీక్ష

నిలబడిన విమానంలో జీపీఎస్‌కి వేగం సున్నా, ట్రాక్ అర్థం లేనిది. కాబట్టి హ్యాంగర్ ముందు నిలబెట్టి "జీపీఎస్ఎస్ ఏం చేయట్లేదు" అని కంగారుపడొద్దు. కన్వర్టర్‌లో టెస్ట్ మోడ్ ఉంటే అది వాడండి, లేదా మాన్యువల్ చెప్పిన నేల పరీక్ష చేయండి. చూడాల్సినవి ఇవి:

ఎడమ కమాండ్‌కి యోక్ (పైలట్ చేతిలోని స్టీరింగ్) ఎడమకే తిరగాలి, కుడికి కుడికే. ఇది తారుమారైతే గాలిలో విమానం గీత నుంచి దూరంగా పారిపోతుంది. యోక్ మీద చెయ్యి తేలిగ్గా ఆనించి ఉంచండి. సర్వోని మీ బలంతో అధిగమించగలుగుతున్నారో చూడండి. డిస్‌కనెక్ట్ బటన్ నొక్కగానే వదిలేయాలి. బ్రేకర్ లాగినా వదిలేయాలి. చివరగా రెండు రేడియోల మీదా మైక్ నొక్కి మాట్లాడండి. మాట్లాడినప్పుడల్లా యోక్ ఉలిక్కిపడుతుంటే షీల్డ్ గ్రౌండ్ సరిగా లేదన్నమాట.

10. గాలిలో పరీక్ష

మంచి వాతావరణం, పగలు, పక్కన ఇంకో పైలట్, నేల నుంచి కనీసం 3,000 అడుగుల ఎత్తు. మేఘాల్లో మొదటి పరీక్ష చేయాలని ఎవరికైనా అనిపిస్తే దయచేసి ఇంట్లోనే ఉండండి.

ముందు హెడింగ్ మోడ్‌లో 1వ మెట్టులో చేసిన పరీక్షలే మళ్లీ చేసి, అప్పుడు రాసుకున్న అంకెలతో పోల్చండి. ఏమీ మారకూడదు. తర్వాత తిన్నని దారి మీద జీపీఎస్ఎస్ ఆన్ చేయండి. నావిగేటర్‌లో క్రాస్ ట్రాక్ అంకె, అంటే గీత నుంచి ఎంత పక్కకి ఉన్నామో, చూడండి. కుదురుకున్నాక 0.1 నాటికల్ మైలు లోపే ఉండాలి. పక్కగాలి ఉన్న రోజైతే ఇంకా మంచిది. నావ్ మోడ్‌లో నీడిల్ వెంట తంటాలు పడే విమానం ఇక్కడ ముక్కు కాస్త గాలివైపు పెట్టుకుని గీత మీదే కదలకుండా పోతుంది.

ఆ తర్వాత 90 డిగ్రీల మలుపు. ఇక్కడ కొత్తవాళ్లు భయపడతారు. వే పాయింట్ (దారిలో మలుపు ఉన్న బిందువు) రాకముందే విమానం తిరగడం మొదలుపెడుతుంది. అది లోపం కాదు, మలుపుని లోపలివైపు నుంచి కోస్తోంది. 120 నాట్స్ వేగంలో సెకనుకి 3 డిగ్రీల చొప్పున తిరిగితే, దాదాపు 0.6 నాటికల్ మైళ్ల ముందే, అంటే సుమారు 20 సెకన్ల ముందే తిరగాలి. నావిగేటర్ ఇంకాస్త ముందే మొదలుపెట్టినా ఆశ్చర్యపోకండి.

ఎడమ మలుపు, కుడి మలుపు, నెమ్మదిగా ఒకసారి, క్రూయిజ్ వేగంలో ఒకసారి చేయండి. వాస్ నావిగేటర్ ఉంటే ఒక హోల్డ్ కూడా. ఇంటికొచ్చాక ఫోన్‌లోనో ట్యాబ్లెట్‌లోనో రికార్డయిన ట్రాక్ తెరిచి, వేసుకున్న దారి మీద పెట్టి చూడండి. గాలిలో కంటికి కనపడని తప్పులు అక్కడ కనిపిస్తాయి.

ఏ లక్షణానికి ఏ కారణం

*గీతకి సమాంతరంగా, ఒక పక్కన పోతోంది.* రెక్కలు సమం అనుకునే చోటు తప్పింది. ఆటోపైలట్ రోల్ సెంటరింగ్ సరిచేయించండి.

*పాములా ఊగుతోంది.* జీపీఎస్ఎస్‌లోనే ఊగితే కన్వర్టర్ గెయిన్ తగ్గించండి. హెడింగ్ మోడ్‌లో కూడా ఊగితే మళ్లీ 1వ మెట్టుకి.

*మలుపులో బయటికి జారి, మళ్లీ వెనక్కి వస్తోంది.* తోకగాలి ఎక్కువున్న రోజు చూశారేమో గమనించండి. ఎస్‌టెక్ లాంటివి హెడింగ్ మోడ్‌లో సెకనుకి 3 డిగ్రీల్లో 90 శాతం మించి తిరగవు. నావిగేటర్ అంతకంటే ఎక్కువ అడిగినా అవి ఇవ్వవు. వేగం తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. మందకొడిగా వంగుతోందనిపిస్తే గెయిన్ కొంచెం పెంచి చూడొచ్చు, ఒకసారికి ఒక మెట్టే.

*అసలు స్పందనే లేదు, లైటు మెరుస్తోంది.* నావిగేటర్‌లో దారి వేశారా? డైరెక్ట్-టు (నేరుగా ఒక చోటికి దారి) అయినా ఉందా? మేం ఒక గంటసేపు వైర్లు వెతికి, చివరికి ఫ్లైట్ ప్లాన్ ఖాళీగా ఉందని గమనించాం. అది ఉంటే తర్వాత ఏ-బీ వైర్లు, తర్వాత స్పీడ్ సెట్టింగ్.

*ఎదురు తిరుగుతోంది.* వెంటనే డిస్‌కనెక్ట్ చేయండి. గాలిలో ఇంకో ప్రయోగం వద్దు, దిగి వైర్లు చూడండి.

వాడేటప్పుడు జరిగే పొరపాట్లు

పెద్దది ఇదే. కంట్రోలర్ "హెడింగ్ 240" అంటాడు. మీరు జీపీఎస్ఎస్ నుంచి హెడింగ్‌కి స్విచ్ మారుస్తారు. గంటసేపటి నుంచి కనపడని చెయ్యి తిప్పుతూ ఉంది కాబట్టి, అసలు బగ్ బయల్దేరినప్పుడు ఎక్కడుందో అక్కడే పడి ఉంది. విమానం ఒక్కసారిగా అటు వంగుతుంది. నాకు మొదటిసారి అయినప్పుడు బగ్ 140 డిగ్రీల అవతల ఉంది. పక్క సీట్లో మా ఆవిడ చేతిలో కాఫీ ఉంది. ఆ సంగతి ఇంకా మా ఇంట్లో వినిపిస్తూనే ఉంటుంది.

అందుకని ముందు బగ్, తర్వాత స్విచ్. మా స్విచ్ పక్కన "బగ్ చూడు" అని తెలుగులో చిన్న స్టిక్కర్ అంటించాను. మిగతా ఇద్దరు భాగస్వాములకీ తెలుగు రాదు గానీ, ఆ స్టిక్కర్ ఏం చెబుతుందో ఇద్దరికీ బాగా తెలుసు.

రెండోది, ఎత్తు. ఈ చెయ్యి పట్టుకున్నది హెడింగ్ నాబ్ ఒక్కదాన్నే. రెక్క వంచడం తప్ప ముక్కు దించడం దీని పని కాదు. మా ఆటోకంట్రోల్‌కి ఎలాగూ పిచ్ లేదు, ఎత్తు మేమే చూసుకుంటాం. రెండు అక్షాల ఆటోపైలట్ ఉన్నవాళ్లు ఇక్కడ మోసపోతారు. ఎల్‌పీవీ అప్రోచ్‌లో (జీపీఎస్ సాయంతో రన్‌వేకి దిగే పద్ధతి) విమానం గీత మీద చక్కగా పోతుంటుంది, గ్లైడ్ పాత్ (దిగాల్సిన వాలు) పైనుంచి కిందికి వచ్చి దాటిపోతుంది, విమానం మాత్రం అదే ఎత్తులో ముందుకెళ్తుంది. గ్లైడ్ పాత్ పట్టుకోవాలంటే చాలా పాత ఆటోపైలట్లని ముందే అప్రోచ్ మోడ్‌లోకి మార్చాలి. ఎప్పుడు మార్చాలో మీ ఫ్లైట్ మాన్యువల్ సప్లిమెంట్‌లో ఉంటుంది.

అలా మార్చేటప్పుడూ బగ్ గొడవే. హెచ్ఎస్ఐ లేకుండా మామూలు డీజీ ఉన్న విమానాల్లో నావ్, అప్రోచ్ మోడ్‌లు బగ్‌నే కోర్సుగా వాడుకుంటాయి. ఆటోపైలట్ ఏ మోడ్‌లో ఉండాలో ఎంచుకునే మా రేడియో కప్లర్ గుండ్రటి నాబ్ మీద ఓమ్ని, నావ్, హెడింగ్, లోక్ నార్మల్, లోక్ రివర్స్ అని అయిదు స్థానాలుంటాయి. హెడింగ్ నుంచి ఏదో ఒకదానికి తిప్పేముందు బగ్‌ని ఫైనల్ కోర్సు మీద పెట్టాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. జీపీఎస్ఎస్‌లో ఉన్నంతసేపూ వాక్యూమ్ డీజీ పక్కకి జరిగినా తేడా తెలియదు, ఎందుకంటే అప్పుడు డీజీ మాట ఎవరూ వినట్లేదు. అప్రోచ్ మోడ్‌లోకి రాగానే ఆ తేడా బయటపడుతుంది. అప్రోచ్‌కి ముందు డీజీని కంపాస్‌తో సరిచూసుకోవడం మానొద్దు.

మూడోది, మిస్డ్ అప్రోచ్, అంటే దిగకుండా మళ్లీ పైకెక్కడం. "ముందు తిన్నగా 1,200 అడుగులకి ఎక్కి, తర్వాత ఎడమకి తిరగాలి" లాంటి దారి ఉన్నప్పుడు, నావిగేటర్‌కి ఆల్టిమీటర్ సమాచారం అందకపోతే ఆ ఎత్తు వచ్చిందో లేదో దానికి తెలియదు. తర్వాతి దారికి దానంతటదే మారదు. ఆ ముక్క హెడింగ్ మోడ్‌లోనో చేత్తోనో ఎగిరి, ఎత్తు చేరాక మీరే తర్వాతి లెగ్ ఎంచుకుని, అది తెరమీద మెజెంటా రంగులోకి మారిందని చూసుకుని, అప్పుడు జీపీఎస్ఎస్ ఆన్ చేయండి.

పని పూర్తయ్యాక బరువు–సమతుల్యం కాగితం మార్పించండి, పెట్టె ఎంత చిన్నదైనా సరే. ఫ్లైట్ మాన్యువల్ సప్లిమెంట్ విమానంలోనే ఉండాలి, ఇంట్లో ఫైల్‌లో కాదు. మెకానిక్ లాగ్‌బుక్‌లో రాసేటప్పుడు కన్వర్టర్ సీరియల్ నంబర్, మీరు చివరికి ఉంచిన గెయిన్ సెట్టింగ్ కూడా రాయమని అడగండి. మా పాత ఎంట్రీలో ఆ గెయిన్ అంకె లేదు. రెండేళ్ల తర్వాత కన్వర్టర్‌ని సర్వీసుకి పంపితే ఫ్యాక్టరీ సెట్టింగ్‌తో తిరిగొచ్చింది. టెస్ట్ ఫ్లైట్లన్నీ మొదటి నుంచి మళ్లీ చేశాం.